బొంగు చికెన్
బొంగు చికెన్ తూర్పు కనుమలలోని గిరిజనుల వంటకము. అరకులోయ, మారేడుమిల్లి ప్రాంతములలో దీనికి పేరు ఎక్కువ. జాతాపు, సవర గిరిజనులు నివసించే గుమ్మలక్ష్మీపురం మండలము (2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లా) కూడ ఈ కనుమలలోనిదే.

కోడిమాంసపు ముక్కలకు అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు పట్టించి, ఒకవైపు కణుపు మూసియున్న పచ్చి వెదురుబొంగులో వదులుగా కూరుదురు. మూతిని ఆకులతో బిగించి, నిప్పులపై త్రిప్పుచు సుమారు ముప్పావు గంట కాల్చెదరు. నూనె, నీరు, గిన్నె ఏవియు అక్కరలేదు. పచ్చి బొంగులోని తేమ, మాంసపు ఊట ఆవిరియై ముక్కను ఉడికించును. ఎండు బొంగు త్వరగా అంటుకొనును కనుక పనికిరాదు. పనినుండి అలసి వచ్చినవారు ఇంటిలో దళసరి గిన్నెకు బిగువైన మూత పెట్టి, సన్నని సెగపై ఇదే పద్ధతిలో వండుకొనవచ్చును. వెదురు వాసన మాత్రము రాదు.

బొంగు పైన నల్లబడినంత మాత్రమున లోపల ఉడికినట్లు కాదు. ముక్క మధ్యభాగము 74 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరవలెను. అర ఉడుకు కోడిమాంసము వలన సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు సోకును.

ఒక బొంగు ఒక్క వంటకే పనికివచ్చును. 2006 నాటి అటవీ హక్కుల చట్టము వెదురును చిన్న తరహా అటవీ ఫలసాయముగా గుర్తించి, దానిని సేకరించుకొను హక్కును గిరిజనులకు ఇచ్చినది. ఇంటి అవసరమునకు కొట్టుకొను బొంగు వేరు, పర్యాటకుల కొరకు అంగళ్ళలో రోజూ కాల్చు బొంగులు వేరు.