టీఆర్‌ఎన్‌ఏ: ఒక్క రసాయన ముద్ర పడకపోతే ఇంత ముప్పా? కణాల్లో జరిగేది ఇదే!

మనం తినే పప్పు, గుడ్డు, చేపల్లోని ప్రొటీన్ ముందు అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. వాటిని కణాలు మళ్లీ మన ఒంటికి కావాల్సిన ప్రొటీన్లుగా పేర్చుకుంటాయి. ఏది ఎక్కడ చేరాలో కోడ్ చదివి, ఆ అమైనో ఆమ్లాన్ని అందించేది టీఆర్‌ఎన్‌ఏ. సుమారు 76 అక్షరాల చిన్న అణువు ఇది. కానీ తయారవగానే పనికి సిద్ధం కాదు. ఎంజైములు దానిపై రసాయన ముద్రలు వేయాలి. మనుషుల్లో ఒక్కో టీఆర్‌ఎన్‌ఏపై సగటున 13 ముద్రలుంటాయి.

ముద్రలు ఎందుకు?

కొన్ని ముద్రలు అణువు మడతలు చెదరకుండా కాపాడతాయి. 34వ అక్షరం మీద పడేవి మరీ కీలకం. ఎందుకంటే కోడ్ చదివేది అక్కడే. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో కొన్ని టీఆర్‌ఎన్‌ఏలకు ఆ చోట టారిన్ అతుక్కుంటుంది. జపాన్ శాస్త్రవేత్తలు 2002లో ఈ సంగతి బయటపెట్టారు. ఎంటీఓ1, జీటీపీబీపీ3 అనే ఎంజైములు కలిసి ఈ పని చేస్తాయి.

ముద్ర పడకపోతే?

మెలాస్ అనే అరుదైన జబ్బులో జరిగేది అదే. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 3243వ అక్షరం ‘ఏ’ బదులు ‘జీ’ అవుతుంది. దాంతో ల్యూసిన్‌ను మోసే ఓ టీఆర్‌ఎన్‌ఏకు టారిన్ సరిగా అతుక్కోదు. అది కోడ్‌ను సరిగా చదవలేదు. శక్తి తయారీకి కావాల్సిన ప్రొటీన్లు తగ్గిపోతాయి. ఫలితంగా పక్షవాతం లాంటి దాడులు, ఫిట్స్, కండరాల నీరసం వస్తాయి. కొందరికి షుగర్, వినికిడి లోపం కూడా ఉంటాయి.

ఈ దాడులను తగ్గించేందుకు ఎక్కువ మోతాదు టారిన్ వాడకానికి జపాన్ 2019లో అనుమతిచ్చింది. ఇది జబ్బును పూర్తిగా నయం చేసే మందు కాదు. డాక్టర్ చెప్పకుండా సొంతంగా వాడకూడదు.

ముద్రలు ఎలా పోతాయి?

కొన్ని ముద్రలను కణమే చెరిపేస్తుంది. టీఆర్‌ఎన్‌ఏపై ఒక రకం మెథైల్ ముద్రను ఏఎల్‌కేబీహెచ్1 ఎంజైమ్ తీసేస్తుందని 2016లో తేలింది. ఇక పాతబడిన టీఆర్‌ఎన్‌ఏను కణం ముక్కలు చేస్తుంది. మామూలు అక్షరాలు మళ్లీ వాడకంలోకి వెళ్తాయి. ముద్ర ఉన్న వాటికి వేరే దారి. ఉదాహరణకు సూడోయూరిడిన్‌ను మన కణాలు విడగొట్టలేవు. అందుకే అది మూత్రంలో బయటికి పోతుంది. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది.

అంటే ముద్ర వేయడం ఎంత ముఖ్యమో, పని అయ్యాక వాటిని వదిలించుకోవడమూ అంతే ముఖ్యం.