చీకటి యిండ్ల చిత్రములు

1888 జనవరి 25వ తేదీన న్యూయార్కులో ఔత్సాహిక ఛాయాగ్రాహకుల సంఘమువారి యెదుట జేకబ్ రీస్ అను పత్రికా విలేఖరి మాజిక్ లాంతరుతో నూరు చిత్రములు చూపుచు నుపన్యసించెను.

ఆయన డెన్మార్కున పుట్టి, 1870లో అమెరికా చేరి, కొంతకాలము పని లేక పస్తులున్నవాడు. పోలీసు వార్తలు సేకరించుచు బీదల యిరుకుగదులను గూర్చి యెంత వ్రాసినను నగరము కదలలేదు. చదివి నమ్మనివారు చూచి నమ్ముదురని తలచెను. కాని ఆ గదులలో వెలుగేది? 1887లో జర్మనీలో మెగ్నీషియముతో మెరుపుపొడి చేసిరను వార్త దారి చూపెను. మిత్రులతో అర్ధరాత్రులు మల్బరీ బెండు అను పేటలో తిరిగి చిత్రములు తీసెను. మొదట పొడిని పిస్తోలుతో పేల్చగా జనులు బెదరి పారిపోయిరి. పిదప దానిని వేపుడు పెనముపై మండించెను. రెండుమార్లు ఇండ్లకే నిప్పంటుకొన్నదట! నిద్రించువారిని అడుగకయే చిత్రించుట మెచ్చదగినది కాదు. ఆయన వ్రాతలలో వలసజాతులపై చులకన మాటలును గలవు.

ఆ చిత్రములను గాజుపలకల కెక్కించి, వానికి వరుసయు వ్యాఖ్యానమును కూర్చుకొనెను. కొన్ని చర్చిలు ప్రసంగమునకు చోటీయలేదు. చోటిచ్చినచోట్ల పత్రికలో పట్టించుకొనని సంగతులనే జనులు తెరపై కన్నార్పక చూచిరి. స్క్రిబ్నర్స్ పత్రిక సంపాదకుడొకడు విని వ్యాసమడిగెను. అది 1889 డిసెంబరున వెలువడి, 1890లో గ్రంథరూపము దాల్చెను. తరువాత నగరపాలకులు మల్బరీ బెండు ఇండ్లను కూల్చి, 1897లో అచ్చట ఉద్యానవనము తెరచిరి.