గరి దీవి

గరి దీవి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తూర్పు తీరాన, హెర్వీ బే పట్టణానికి ఎదురుగా ఉంది. ప్రపంచంలోని ఇసుక దీవులన్నిటిలోకీ ఇదే పెద్దది. పొడవు 120 కిలోమీటర్లకు పైమాటే. విస్తీర్ణం సుమారు 1,840 చదరపు కిలోమీటర్లు. 1836లో స్టర్లింగ్ కాజిల్ అనే ఓడ దెబ్బతిన్నాక కెప్టెన్ జేమ్స్ ఫ్రేజర్, ఆయన భార్య ఎలైజా ఇక్కడికి చేరారు. వారి ఇంటిపేరు మీద చాలాకాలం ఫ్రేజర్ దీవిగా చలామణీ అయింది. బుచుల్లా మూలవాసులు తరతరాలుగా పిలుచుకునే గరి పేరును 2023 జూన్‌లో ప్రభుత్వం మళ్ళీ ఖాయం చేసింది. 1992లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ ఇసుక ఇక్కడిది కాదు. దక్షిణాన నదులు సముద్రంలోకి తెచ్చిపోసిన ఇసుకను అలలు, ప్రవాహాలు ఉత్తరానికి నెట్టుకొచ్చాయి. ఇండియన్ హెడ్ వంటి అగ్నిశిలల గుట్టలు అడ్డుపడటంతో లక్షల ఏళ్ళలో మేటవేసింది. కొన్ని తిన్నెలు 200 మీటర్లు దాటిన ఎత్తున ఉంటాయి. వాటి మీదే వర్షారణ్యం పెరిగింది. నడిదీవిలోని సెంట్రల్ స్టేషన్ దగ్గర వాంగూల్బా వాగు పక్కన చెక్కబాట మీద నడిస్తే నీళ్ళు పారుతున్న చప్పుడే వినిపించదు. అడుగున ఇసుక తప్ప రాయి లేదు. ఇక్కడి సాటినే చెట్ల కలపను నరికి సూయజ్ కాలువ పనులకూ పంపారు. కలప కొట్టడం 1991లో ఆగింది.

సరస్సులు

దీవికి అసలు సంపద మంచినీళ్ళు. ఇసుకలో నీరు ఇంకిపోవాలి గానీ నిలవడమేమిటన్న సందేహం ఎవరికైనా వస్తుంది. తిన్నెల మధ్య పల్లాల్లో రాలిన ఆకులు కుళ్ళి, ఇసుక రేణువులను అతికించి గట్టి పొరగా మారతాయి. ఆ పొర మీద వాననీరు నిలుస్తుంది. భూగర్భ జలమట్టానికి చాలా ఎత్తున ఉండే ఇలాంటి తిన్నె సరస్సుల్లో ప్రపంచం మొత్తం మీద దాదాపు సగం ఇక్కడే ఉన్నాయని యునెస్కో లెక్క. మరో రకం సరస్సులు మన ఏటి ఇసుకలో తవ్వే చెలమల వంటివి: నేల జలమట్టం కంటే దిగిపోయిన చోట నీరు దానంతట అదే ఊరుతుంది.

అందరూ చూసేది బూరంగూరా. మెకెంజీ సరస్సు అన్నది దాని రెండో పేరు. ఒడ్డున తెల్లటి సిలికా ఇసుక, లోపలికి పోయేకొద్దీ నీలం తేలే నీరు. ఇందులోకి ఏ వాగూ రాదు, వానే ఆధారం. అందుకే ఒంటికి సన్‌స్క్రీన్ రాసుకుని నీళ్ళలో దిగవద్దని చెబుతారు. చేరిన మురికి కొట్టుకుపోయే దారి లేదు. బూమన్జిన్ సరస్సు సుమారు 200 హెక్టార్లతో తిన్నె సరస్సుల్లో అతి పెద్దది, ఆకుల రసం దిగి టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. వాబీ సరస్సు దీవిలో అన్నిటికంటే లోతైనది. పక్కనున్న తిన్నె గాలికి కదిలి దాన్ని కొంచెం కొంచెంగా పూడ్చేస్తోంది.

తూర్పున సెవెంటీఫైవ్ మైల్ బీచ్ ఒకేసారి బీచ్, రహదారి, చిన్న విమానాల రన్‌వే కూడా. దాని పక్కనే ఇలై వాగు గంటకు సుమారు 40 లక్షల లీటర్ల నీటిని సముద్రంలో కలుపుతుంది. 1935 తుపానులో ఒడ్డెక్కిన మహేనో ఓడ తుప్పు అస్థిపంజరం అక్కడికి దగ్గర్లోనే ఉంది.

బస

పడమటి ఒడ్డున కింగ్‌ఫిషర్ బే రిసార్టు పెద్దది, సౌకర్యమైనది. కుటుంబంతో వెళ్ళేవారికి అదే నయం. తూర్పున యురాంగ్‌లో మరో రిసార్టు, హ్యాపీ వ్యాలీలో అద్దె ఇళ్ళు ఉన్నాయి. కానీ దీవిని నిజంగా చూడాలంటే టెంటే సరి. సెంట్రల్ స్టేషన్, దండుబరా, వాడీ పాయింట్ శిబిరాలకు కంచె ఉంటుంది. తీరం వెంట కంచె లేని చోట్లు కూడా ఉన్నాయి.

కంచె డింగోల కోసం. ఈ అడవి కుక్కలకు తిండి పెట్టడం నేరం. మనుషుల చేతి తిండికి అలవాటుపడినవి భయం పోగొట్టుకుని మీదికొస్తాయి. 2001లో ఒక బాలుడు ప్రాణం కోల్పోయాడు. నిప్పు విషయంలోనూ నిర్లక్ష్యం పనికిరాదు. 2020 అక్టోబరులో అక్రమంగా వేసిన ఒక చలిమంట ముదిరి దీవిలో దాదాపు సగాన్ని కాల్చింది.

వాహనాలను ఇన్‌స్కిప్ పాయింట్, రివర్ హెడ్స్ రేవుల నుంచి బల్లకట్టు మీద దాటిస్తారు. ఫోర్ వీల్ డ్రైవ్ తప్ప మరేదీ నడవదు. టైర్లలో గాలి తగ్గించుకోవాలి. వాహనానికీ, టెంటుకూ వేర్వేరు అనుమతులు ముందే తీసుకోవాలి. షార్కులు, లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నందున సముద్రంలో ఈత వద్దు. బీచ్ మీద బండి నడిపేముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. పోటు సమయంలో ఆ రహదారి నీళ్ళ కింద ఉంటుంది.