గురి కిందికి పోతే

ఆన్‌సైట్ అని అమెరికాలో ఉన్న రోజుల్లో ఒక శనివారం మా టీమ్‌లోని ఆయనొకరు నన్ను షూటింగ్ రేంజికి తీసుకెళ్ళాడు. పిస్తోలు పట్టుకోవడం అదే మొదలు. పది తూటాలు కాలిస్తే పదీ గురికి జానెడు కిందే తగిలాయి. "తుపాకీలోనే ఏదో బగ్ ఉంది" అన్నాను. మనకి అలవాటైన మాటే కదా, మన కోడ్ ఎప్పుడూ కరెక్టే, తప్పంతా సర్వర్‌ది!

ఆయన అదే పిస్తోలుతో ఐదు కాల్చాడు. ఐదూ నడిమధ్యలో పడ్డాయి. తరవాత నేను చూడకుండా మ్యాగజైన్‌లో ఒక డమ్మీ తూటా కలిపి ఇచ్చాడు. దాని వంతు రాగానే, పేలలేదు సరికదా, గొట్టం మూతి దబ్బున కిందికి వంగింది. పేలబోతోందన్న భయంతో నా మణికట్టే ముందుగా నొక్కేస్తోందన్నమాట. మోత ఉన్నంతసేపూ ఆ కుదుపు తెలియదు.

అన్నిసార్లూ తప్పు చేతిదే కాదు. ముందు సైటు ఎత్తు ఎక్కువైనా గుండు కిందికే పోతుంది. దాన్ని కాస్త అరగదీస్తే పైకొస్తుంది. తేలికగా, వేగంగా పోయే గుండు కూడా కిందే తగులుతుంది. పిస్తోలు వెనక్కి తన్ని గొట్టం పైకి లేచేలోపే అది బయటపడుతుంది కాబట్టి. అందుకే బల్ల మీద ఆనించి కాల్చి చూడాలి, ఇంకొకరి చేతికిచ్చి చూడాలి, తూటా మార్చి చూడాలి. ఆకురాయి పట్టుకోవడం ఆ తరవాతే. అచ్చం మన డీబగ్గింగే, ఒకసారికి ఒకటే మార్చాలి.

ఇదంతా ఎందుకంటే, మాది ఉద్దానం. గుంపు మీద కాల్పుల సంగతికొస్తే గురి కిందికి పెట్టడం పొరపాటు కాదు, రూలు. ముందు హెచ్చరించాలి, తలల మీదుగా కాల్చకూడదు, కిందికి గురి పెట్టాలి, గుంపు చెదరగానే ఆపాలి. పోలీసు మాన్యువళ్ళు చెప్పేది ఇదే. ప్రాణం తీయడానికి కాదు, చెదరగొట్టడానికి. బాగుంది. మరి మా వైపు ఏం జరిగింది?

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, అది ఏర్పడింది 1950లో. మహాసభ అయిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిగాయి. తగువు అడవి గురించి. వంటకి, నాగలికి కావాల్సిన కలప అక్కడిదే, జమీందారు వద్దన్నాడు. జనం బళ్ళు కట్టుకెళ్ళి కొట్టుకొచ్చారు. అరెస్టులకని వచ్చిన పోలీసులకి అడ్డం నిలబడ్డవాళ్ళలో సాసుమాను గున్నమ్మ ఒకరు. నిండు గర్భిణి. ఆమెతో పాటు ఇంకొందరు చనిపోయారు. వీర గున్నమ్మ అని మేం చిన్నప్పట్నుంచీ వింటున్నది ఆవిడ పేరే.

డెబ్భై ఏళ్ళ తరవాత, 2010 జులై 14న, సోంపేట. బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న జనం మీద కాల్పులు, ఇద్దరు పోయారు. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, టెక్కలి దగ్గర కాకరాపల్లి తంపర భూముల కోసం వడ్డితాండ్రలో మళ్ళీ అదే. అక్కడా ఇద్దరు. పలాసలో పొద్దున్నే బండెక్కితే సాయంత్రానికి మూడు చోట్లూ చూసి రావచ్చు.

"కాళ్ళకే కదా కాల్చేది" అనేవాళ్ళు మనలో చాలామంది. తొడలో పెద్ద రక్తనాళం తెగితే కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. వంగినవాడికి, కింద పడ్డవాడికి, చిన్నపిల్లకి నడుం ఎక్కడుంటుంది? గట్టి నేలకి తగిలిన గుండు ఎటు లేస్తుందో ఎవరికి తెలుసు? పైగా కాల్చేవాడి చేతికీ భయం ఉంటుంది. నాది కాగితం మీద గురి, ఎదురుగా ఎవరూ రాళ్ళు రువ్వట్లేదు, అయినా నా మణికట్టు నా మాట వినలేదు.

అంచేత గురి దగ్గర వెతికితే ఈ బగ్ దొరకదు. కాస్త వెనక్కి వెళ్ళాలి. మూడు చోట్లా జనం వాడుకుంటున్న నేల కాగితం మీద ఇంకోలా ఉంది. అడవి జమీందారుది అయింది. చేపలకీ, సాగుకీ, పశువులకీ ఆధారమైన బీల బంజరు అయింది. తంపరదీ దాదాపు అదే కథ. కాగితాన్ని నేలతో సరిపోల్చి చూసే పని చివరికి పోలీసు మీద పడింది.

నన్ను ఇప్పటికీ వదలని విషయం ఒకటుంది. సోంపేట థర్మల్ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ రద్దు చేసింది. ఎప్పుడనుకున్నారు? 2010 జులై 14నే. కాల్పులు జరిగిన రోజే! ఆ రోజు జనం రోడ్డెక్కి అడిగింది, ఆ రోజే ఢిల్లీలో ఒక కాగితం ఒప్పుకుంది. మా ఊళ్ళో రెండు శవాలు లేచాక.

ఆ కాగితం ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే, ఎవరూ ఎటూ గురి పెట్టాల్సిన అవసరమే ఉండేది కాదేమో. మీరేమంటారు?