కాలువల పట్నంలో బస

రాయదుర్గం కొండెక్కి చూస్తే నాలుగు దిక్కులా మెట్టే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. కణేకల్లు వైపు వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు పొలాల మీదికి పాకుతుంటాయి. ఇలాంటి సీమలో బాటసారికి బస ఇవ్వడమంటే ముందు నీళ్ళు చూపడం. చావడికి కప్పు లేకపోయినా రాత్రి గడుస్తుంది. పక్కన బావి లేకపోతే ఆ చావడి ఎవరికీ అక్కరకు రాదు. మన దిక్కున సత్రాల చరిత్ర రాయాలనుకునేవారు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆ చరిత్రలో మనకు అన్నిటికన్నా దగ్గరి కాలువల పట్నం హంపి. 1953 అక్టోబరు 1 దాకా రాయదుర్గమూ హంపీ ఒకే బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆ రోజు రాయదుర్గం తాలూకా ఆదోని, ఆలూరులతో పాటు ఆంధ్రలోకి వచ్చింది. హంపి మైసూరు వైపు పోయింది. రాష్ట్రాలు వేరైనా విరూపాక్షుడి దర్శనానికి మనవాళ్ళు పోవడం మానలేదు.

హంపి అనగానే రాతిరథం, ఏనుగుల శాల గుర్తొస్తాయి. అక్కడి కాలువలను చూసేవాళ్ళు తక్కువ. విజయనగర రాజులు తుంగభద్రకు అడ్డంగా రాతి ఆనకట్టలు కట్టి, నీటిని కొండల సందుల్లోంచి పట్నంలోకి తిప్పారు. తుర్తు కాలువ గుళ్ళకూ రాజప్రాసాదాలకూ మధ్య పల్లంలో సాగుతుంది. కొర్రగల్లు ఆనకట్టనూ బసవన్న కాలువనూ కృష్ణదేవరాయలు 1521లో కట్టించాడు. అదే కాలంలో పట్నం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పేస్, రాయలు తవ్విస్తున్న పెద్ద చెరువు దగ్గర వేలమంది పనిచేస్తుండగా చూశానని రాశాడు. రాజ్యం పోయినా కాలువలు పోలేదు. ఇప్పుడు తుంగభద్ర జలాశయం నీళ్ళతో పారుతూ అరటి తోటలనూ వరి మళ్ళనూ తడుపుతున్నాయి. హంపీలో నేటికీ తన పని తాను చేస్తున్న రాయల కట్టడం ఏదంటే నేను ముందుగా కాలువనే చూపుతాను.

నీళ్ళు నిండిన ఆ పట్నంలో అతిథికి జరిగిన మర్యాద ఎలాంటిదో అబ్దుర్ రజాక్ రాసిపెట్టాడు. హెరాత్‌లోని షారుఖ్ కొలువు నుంచి దూతగా 1443లో వచ్చిన అతనికి అప్పటి రాయలవారు ఒక పెద్ద భవనం విడిదిగా ఇచ్చారు. రోజూ రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్ళు, ఐదు మణుగుల బియ్యం, ఒక మణుగు వెన్న, ఒక మణుగు చక్కెర, ఖర్చుకు రెండు వరహాలు పంపేవారట. ఇది రాజుల ఇంటి అతిథి సంగతి. మామూలు యాత్రికుడికి గుడి ముందరి బజారు వీధిలోని రాతి మంటపమే దిక్కు. పగలు అంగడి నడిచిన చోటే రాత్రి నడుం వాల్చుకునే వీలుండేది. భోజనశాల అని ఇప్పుడు పిలిచే చోటైతే చూసి తీరాలి. సన్నని రాతి కాలువకు రెండు పక్కలా వరసగా రాతిలోనే పళ్ళేలు చెక్కి ఉంటాయి. అన్నమూ నీళ్ళూ ఒకే బంతిలో అందేలా ఏర్పాటు చేసిన ఆ పనివాళ్ళకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

1565 యుద్ధంలో విజయనగరం ఓడాక కొలువు పెనుకొండకు తరలింది. మంటపాలు మిగిలాయి, పోషించే చేయి పోయింది. ఆ తర్వాత మన మెట్ట దారుల్లో సత్రాలను నిలబెట్టింది దాతలు, మఠాలు, మాన్యపు భూములు. మాన్యం ఎండితే పొయ్యి ఆరేది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకీ దిగే చోటు ఎలా ఉందో, నీళ్ళు ఎలా ఉన్నాయో రాసుకుంటూ పోయాడు. అప్పటి ప్రయాణంలో అంతకు మించిన సమాచారం ఏముంటుంది?

1800లో ఈ సీమ దత్తమండలాలుగా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. సత్రాల మాన్యాలు పక్కదారి పట్టకుండా చూసే బాధ్యతను 1817 నాటి ఏడో రెగ్యులేషన్ రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. అందులో గుళ్ళు, మసీదులతో పాటు వంతెనలనూ ఛత్రాలనూ కూడా చేర్చారు. దత్తమండలాల తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పూడ్చారు. నాలుగేళ్ళ తర్వాత అస్థికలను మద్రాసుకు తీసుకుపోయారు. మద్రాసులో ఆయనకు గుర్రం మీద విగ్రహం పెట్టారు. ఇక్కడ మాత్రం ప్రభుత్వం గుత్తిలో ఒక ఛత్రం, పత్తికొండలో చెట్ల తోపు, మెట్ల బావి ఏర్పాటు చేసింది. ఈ సీమ జనానికి ఏది పనికొస్తుందో తెలిసినవాళ్ళు చేసిన పని అది. మద్రాసు విగ్రహం కన్నా నాకు ఈ ఛత్రమూ బావే గొప్పవి.

అదే ప్రభుత్వం దొరలకు వేరే బస కట్టుకుంది. తాలూకా కేంద్రాల్లో ట్రావెలర్స్ బంగళాలు లేచాయి. హంపి పక్కన కమలాపురంలోనైతే పాత శివాలయాన్నే బంగళాగా మార్చారు. బాటసారులకు తెరిచి ఉండే చోటు ఒకటి, హోదా ఉన్నవారికే తెరిచే చోటు మరొకటి. ఆ తేడా స్వాతంత్ర్యం వచ్చాక గెస్ట్ హౌస్ పేరుతోనూ కొనసాగింది.

హంపీలో బస కథ ఇటీవల మళ్ళీ మలుపు తిరిగింది. బజారు వీధి మంటపాల్లో పేద కుటుంబాలు కాపురముండేవి. పక్కనే ఇళ్ళల్లో ఒక గది యాత్రికులకు ఇచ్చి, ఉదయం టిఫిను పెట్టి బతికేవారు. 1986లో హంపి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. 1999లో ప్రమాదంలో ఉన్న జాబితాలోకి జారి, 2006లో బయటపడింది. 2011 జూలైలో బజారు వీధి కాపురాలను కూలగొట్టారు. వందల కుటుంబాలు వీధిన పడ్డాయి. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2020లో ఏటి అవతల విరూపాపుర గడ్డె వసతి గృహాలూ నేలమట్టమయ్యాయి. కట్టడాల మధ్య అడ్డదిడ్డంగా గదులు లేపడం తప్పే, అందులో సందేహం లేదు. కానీ బజారు వీధిలో అతిథికి అన్నం పెట్టే మనుషులను తరిమేసి రాళ్ళను మాత్రమే వారసత్వమనడం అన్యాయం. ఆ వీధిని కట్టిందే మనుషుల రాకపోకల కోసం.

ఏటి ఉత్తరపు ఒడ్డున ఆనెగొంది వేరే దారి పట్టింది. అక్కడ కిష్కింధ ట్రస్టు పాత ఇళ్ళను వాటి తీరు చెడకుండా బాగుచేయించి అతిథులకు ఇస్తోంది. ఊరి ఆడవాళ్ళు అరటి నారతో వస్తువులు చేసి అమ్ముతున్నారు. బాటసారి ఇచ్చే డబ్బు ఊళ్ళోనే ఉంటోంది. సత్రం పాత ధర్మానికి ఈ కాలంలో ఇంతకన్నా దగ్గరి రూపం నాకు కనబడలేదు.

తుంగభద్ర ఎగువ కాలువ ఇప్పుడు బొమ్మనహాళ్, కణేకల్లు దాకా వస్తోంది. రాయలు పట్నానికి తిప్పిన ఏటి నీళ్ళే మన పొలాలకూ అందుతున్నాయి. రాయదుర్గం నుంచి బళ్ళారి మీదుగా హంపి పోయేవాళ్ళు ఒక్క రాత్రైనా ఆనెగొందిలో ఊరివాళ్ళ ఇంట దిగండి, తెల్లవారి తుర్తు కాలువ గట్టున నడవండి. తిరిగి వచ్చాక మీ ఊరి దారిలో పాడుబడిన ఛత్రమో పూడిన దిగుడుబావో ఉంటే, దాని మాన్యం ఎవరి చేతిలో ఉందో దేవాదాయ శాఖను అడగండి.