షజరాలో కనిపించని పూర్వులు

మన పాత ముస్లిం కుటుంబాలలో వెతికితే ఒక షజరా తరచుగా బయటపడుతుంది. కొందరి ఇండ్లలో అది రేకు గొట్టంలో చుట్టిపెట్టిన పొడవైన కాగితం. మరికొందరి ఇండ్లలో తాతగారు నోటుపుస్తకంలో తమ చేతితో ఎక్కించుకొన్న నకలు. పైన ఒక మహనీయుని నామం, కింద నకలు రాసుకొన్నవారి పేరు, మధ్యలో పాతిక ముప్పై పేర్లు ఉంటాయి. అయితే పదమూడు వందల ఏండ్లనాటి పూర్వుని పేరు తడుముకోకుండా చెప్పేవారిని, తమ తాతగారి తల్లి పేరేమిటని అడిగి చూడండి. పది మందిలో ఒకరైనా చెప్పగలరా అన్నది సందేహం. దూరపువారు దొరికి దగ్గరివారు దొరకకపోవడం మన షజరాల విచిత్రం. ఆ దగ్గరివారు ఏ కాగితాలలో ఉన్నారో, ఆ కాగితాలను ఎంతవరకు నమ్మవచ్చునో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా చేతిలో ఉన్నది ఏ షజరాయో తేల్చుకోవాలి. షజరా అనే మాట రెండింటికి వాడుకలో ఉంది. ఒకటి నసబుకు, అంటే రక్తసంబంధానికి చెందినది. రెండవది తరీఖతుకు చెందినది. మురీదు అయినప్పుడు పీరుసాహెబు ఇచ్చే ఈ రెండవ కాగితంలో ఉండేవి గురువుల పేర్లు, తండ్రుల పేర్లు కావు. రెండు మూడు తరాలు గడిచాక పెట్టెలో దొరికిన తరీఖతు షజరాను వంశవృక్షంగా భావించిన కుటుంబాలు ఉన్నాయి. గుర్తుపట్టడం కష్టం కాదు. హజ్రత్ అలీ (రజి) తరువాత హసన్ బస్రీ, హబీబ్ అజమీ, దావూద్ తాయీ, మారూఫ్ కర్ఖీ, సరీ సఖతీ, జునైద్ బగ్దాదీ అన్న వరుస కనిపిస్తే అది గురుపరంపర. వీరు ఒకరికొకరు తండ్రీకొడుకులు కారు. సరీ సఖతీ జునైదుకు మేనమామ అయినా, ఆ వరుసలో వారిద్దరి స్థానం గురుశిష్యులుగానే. తరీఖతు షజరా గౌరవం దానికి ఉంది. దానిని వంశపత్రంగా చదవడమే తగదు.

ఇక నసబు షజరా సంగతి. వంశాలను లిఖితంగా ఉంచడం ఇస్లాం చరిత్రలో తొలినాటి నుండే ఒక అవసరం కోసం మొదలైంది. హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖిలాఫతులో ముస్లింలకు భత్యాలు పంచడానికి దీవాన్ ఏర్పరచినప్పుడు అఖీల్ బిన్ అబీతాలిబ్, మఖ్రమా బిన్ నౌఫల్, జుబైర్ బిన్ ముత్‌ఇమ్ అనే ముగ్గురు నసబు పండితులకు పట్టికలు రాసే పని అప్పగించారు. వారు బనూ హాషిమ్ తరువాత హజ్రత్ అబూబక్ర్ (రజి) వంశాన్ని, ఆ తరువాత హజ్రత్ ఉమర్ వంశాన్ని రాశారు. హజ్రత్ ఉమర్ దానికి ఒప్పుకోలేదు. దైవప్రవక్త (స)కు గల సామీప్యాన్ని బట్టి వరుస కట్టి, ఉమర్‌ను అతనికి చెందిన చోటనే ఉంచమన్నారు. తొలి పట్టికలోనే పాలకుని వంశం పైకి జరగడం, పాలకుడే దానిని కిందికి దించడం గమనించదగినవి. తరువాతి కాలపు పట్టికలన్నిటికీ దించేవారు దొరకలేదు.

షజరాను పరీక్షించే ఒక సులభమైన లెక్కను ఇబ్నె ఖల్దూన్ (1332–1406) చూపించారు. నూరేండ్లకు సుమారు మూడు తరాలు అన్నది ఆయన సూత్రం. దీనిని ఆయన ఇతరుల వంశాలకే కాక తమ వంశానికీ వర్తింపజేశారు. మూలపురుషుడైన ఖల్దూను వరకు తమకు పది పేర్లే తెలుసునని, స్పెయిన్ విజయకాలం నుండి లెక్కిస్తే ఏడు వందల ఏండ్లకు ఇరవై పేర్లు ఉండవలసిందని, కొన్ని జారిపోయి ఉంటాయని ఆత్మకథలో రాసుకొన్నారు. అంతటి పండితుడు తమ షజరాలో సగం లేదని చెప్పుకోవడానికి సంకోచించలేదు. ఆ లెక్కన హిజ్రీ 14 శతాబ్దాలకు 42 పేర్లు రావాలి. మన షజరాలో 25 ఉంటే అది అబద్ధమని అనరాదు, పేర్లు జారిపోయాయని అర్థం. తాత పేరు మనుమనికి పెట్టే ఆచారం వల్ల ఒకే పేరు రెండుసార్లు వచ్చినప్పుడు, నకలు రాసేవారు పునరుక్తి అనుకొని ఒకదానిని వదిలివేయడం సులభం. బిరుదుల వల్ల కూడా ఈ చిక్కు వస్తుంది. సాలార్‌జంగ్ అనే బిరుదు మీర్ తురాబ్ అలీఖానుకు, ఆయన కుమారుడు మీర్ లాయఖ్ అలీఖానుకు, మనుమడు మీర్ యూసుఫ్ అలీఖానుకు చెందింది. అంతటి ప్రసిద్ధులు కాని కుటుంబంలో బిరుదు మాత్రమే మిగిలితే ముగ్గురూ ఒక్కరైపోతారు.

షజరా వెలుపల మన ప్రాంతంలో దొరికే ఆధారాలలో అతి విలువైనవి మొగలు కాలపు సైనిక పత్రాలు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పత్రభాండాగారంలో షాజహాను, ఔరంగజేబుల కాలానికి చెందిన దక్కను కాగితాలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో అర్జ్-ఓ-చెహ్రా అనే తరగతి ఒకటి ఉంది. కొలువులో చేరిన సైనికుని పేరు, తండ్రి పేరు, జాతి, స్వస్థలం రాసి, ఆపైన ముఖవర్ణన చేసేవారు. గోధుమ వన్నె, విశాలమైన నుదురు, విడిగా ఉన్న కనుబొమలు, ఫలానా చోట పుట్టుమచ్చ, ఫలానా చోట కత్తిగాటు అని రాసి, గుర్రం రంగు, దానిపై వేసిన ముద్ర కూడా నమోదు చేసేవారు. ఒక సైనికుని బదులు మరొకరిని చూపి జీతం కాజేయకుండా పెట్టిన కట్టుదిట్టం ఇది. ఏ షజరాకూ పూర్వుని ముఖం తెలియదు, ఈ జీతాల లెక్కకు తెలుసు.

తరువాత ఇనాము పత్రాలు. ఖాజీ, ఖతీబు, ముల్లా, ముజావరు వంటి సేవలకు ఇచ్చిన భూములకు బ్రిటిష్ పాలిత జిల్లాలలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ విచారణ జరిపింది. అప్పుడు తయారైన రిజిస్టర్లలో దాత ఎవరు, మొదట పొందినవారెవరు, ప్రస్తుత అనుభవదారు పేరు, వయస్సు, మొదటివారితో బంధుత్వం వంటి వివరాలు ఉన్నాయి. 1860లో 45 ఏండ్లని రాసిన ముల్లా 1815 ప్రాంతంలో పుట్టాడని చెప్పవచ్చు. నిజాము రాజ్యంలో ఇదే పని అతియాత్ శాఖ చేసింది. విచారణానంతరం ఇచ్చిన ముంతఖబులలోను, విరాసతు మిసళ్ళలోను రెండు మూడు తరాల వరుస దొరుకుతుంది. అయితే ఇక్కడ సంవత్సరాలు చూసుకోవాలి. 1300 హిజ్రీ 1882 నవంబరులో మొదలైతే, 1300 ఫసలీ 1890లో మొదలైంది. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఒకటి మరొకటిగా చదివితే ఎనిమిదేండ్ల తేడా వచ్చి, తండ్రి మరణానంతరం కొడుకు పుట్టినట్లు లెక్క తేలవచ్చు.

ఈ పత్రాలకూ ఒక బలహీనత ఉంది. భూమి నిలుపుకోవడం కోసం చెప్పిన వంశక్రమం ఇది. సంతానం లేనివారు పెంపుడు కొడుకును సొంత కొడుకుగా రాయించడానికి ఇక్కడ ప్రేరణ ఎక్కువ. పెంచినవారిని కాక కన్న తండ్రుల పేరుతోనే పిలవాలని దివ్య ఖురాను (33:5) ఆదేశించినా, మాన్యం చేజారుతుందన్న భయం దానికి అడ్డు వచ్చి ఉంటుంది. ఆస్తి ఉన్న చోట వంశచరిత్ర ఎక్కువగా నిలిచింది, ఎక్కువగా దిద్దబడింది కూడా. పైగా ఈ వారసత్వం ఎక్కువగా మగవారి వెంటే నడిచింది కాబట్టి కుమార్తెలు ఇక్కడ కూడా సాధారణంగా కనిపించరు.

మరి స్త్రీలు ఎక్కడ ఉన్నారు? షరీఅతు వారి పేరు తప్పనిసరి చేసిన రెండు చోట్ల ఉన్నారు. మొదటిది నికాహు. ఖాజీ రాసే సియాహాలో వధువు పేరు, తండ్రి పేరు, వకీలు, ఇద్దరు సాక్షులు, మహర్ మొత్తం ఉంటాయి. వకీలు, సాక్షులు చాలావరకు దగ్గరి బంధువులే కాబట్టి తల్లివైపు కుటుంబం అక్కడే బయటపడుతుంది. సిక్కా రూపాయలలో, సుర్ఖ్ దీనార్లలో చెప్పిన మహర్ ఆనాటి హోదాను కూడా సూచిస్తుంది, కొంత గొప్పకు పోయి చెప్పింది తీసివేసి చదువుకోవాలి.

రెండవది ఫరాయిజ్ లెక్క. దీనిని మన చరిత్రకారులు తగినంతగా ఉపయోగించుకోలేదని నా అభిప్రాయం. ఒకరు మరణించి ఆస్తి పంచకముందే వారసులలో మరొకరు, తరువాత ఇంకొకరు మరణిస్తే చేసే గణితానికి మునాసఖా అని పేరు. మరణించినవారి పేరుతో అడ్డంగా పొడవైన గీత గీసి, దాని కింద వారసులందరినీ భాగాలతో సహా రాస్తారు. ఒకరు భార్యను, కొడుకును, ఇద్దరు కూతుళ్ళను వదిలి పోతే ఆస్తి 32 భాగాలు. భార్యకు ఎనిమిదవ వంతు, అంటే 4. కొడుకుకు 14, కూతుళ్ళకు ఏడేసి. కూతురిని వదిలేస్తే లెక్క కుదరదు. తరువాత ఆ కూతురు మరణిస్తే ఆమె పేరుతో మరో గీత, కింద ఆమె భర్త, పిల్లలు. నాలుగు మరణాలు దాటేసరికి షజరా ఎన్నడూ ఎరుగని కుటుంబం మొత్తం ఒక కాగితం మీదికి వస్తుంది. కూతురికి ఆ ఏడు భాగాలు నిజంగా చేతికి అందాయా అన్నది వేరే ప్రశ్న, చాలా ఇండ్లలో అందలేదు. భాగం అందకపోయినా పేరు మిగిలింది. (ఒక హెచ్చరిక: పాత ఫత్వాల ప్రశ్నలలో కనిపించే జైద్, అమ్ర్, హిందా కల్పిత నామాలు. వారిని పూర్వులుగా చేర్చుకోరాదు.)

ఇంతవరకు చెప్పినది కాగితాలున్న కుటుంబాల మాట. 1908 సెప్టెంబరు మూసీ వరద, 1948 తరువాతి వలసలు హైదరాబాదులో ఎన్నో ఇండ్లను, వాటితో పాటు పెట్టెలను చెల్లాచెదురు చేశాయి. అయినా అసలు షజరాయే లేనివారు మనలో ఎక్కువ. దూదేకులవారు, అంటే నూర్‌బాషాలు, ఇంట్లో తెలుగే మాట్లాడుతూ, తెలుగు ఇంటిపేర్లతో తరతరాలుగా ఈ నేల మీద ఉన్నారు. షజరా లేదన్న కారణంతో వారితో వియ్యమందని ఇండ్లు మన ఎరుకలో ఉన్నాయి. కోస్తా జిల్లాలలో షేక్ అన్నది ఇంటిపేరు స్థానంలోకి వచ్చి, సర్కారు కాగితాలలో స్థిరపడి, అసలు ఇంటిపేరును మరుగుపరచిన కుటుంబాలూ ఉన్నాయి. షేక్ అన్నంతమాత్రాన అరబ్బు వంశం రుజువు కాదు. నాగూరు, మస్తాన్, బాబయ్య వంటి పేర్లు కూడా నాగూరు, కసుమూరు, పెనుకొండ దర్గాల మొక్కును తెలుపుతాయి, వంశాన్ని కాదు.

ఇస్లాం స్వీకరించిన మొదటి పూర్వుని తండ్రి పేరును పత్రాలు దాటవేయడం ఇక్కడి విశేషం మాత్రమే కాదు. ఉస్మానీయ తుర్కుల న్యాయస్థాన పత్రాలలో కొత్త ముస్లిముల తండ్రి పేరును అబ్దుల్లా అనో, అల్లాహ్ గుణనామంతో కూడిన అటువంటి మరొక పేరుతోనో రాసే ఆచారం ఉంది. సులేమానియా మసీదు నిర్మించిన మహాశిల్పి సినాన్ (మరణం 1588) అబ్దుల్‌మన్నాన్ కుమారునిగా నమోదయ్యాడు. క్రైస్తవుడైన అతని కన్నతండ్రి ఆ పేరు వెనుక ఉన్నాడు. మన షజరాలు కూడా ఆరేడు తరాల వెనుక ఒక అబ్దుల్లా దగ్గర ఆగి, అక్కడి నుండి ఒక్క అంగలో బుఖారాకో బగ్దాదుకో చేరుకొంటే, ఆ అబ్దుల్లా దగ్గర కాసేపు నిలబడి చూడాలి.

అటువంటి కుటుంబాలకు మిగిలిన దారి తెలుగు కాగితాలే. ఇంటిపేరు చాలాసార్లు ఒక గ్రామం పేరు అయి ఉంటుంది. ఆ గ్రామపు ఇనాము రిజిస్టరులో మసీదు మాన్యం, ఫకీరు మాన్యం, పీర్ల చావిడి మాన్యం ఉన్నాయేమో చూడాలి. కర్నల్ మెకంజీ (మరణం 1821) సేకరింపజేసిన కైఫియత్తులలో ఆ గ్రామం ఉంటే దానిని చదవాలి. కరణం లెక్కలు దొరికితే అవి కూడా. అన్నిటికన్నా ముందు ఇంట్లో పెద్ద వయసు స్త్రీలను అడిగి, వారి తల్లి, నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు, పుట్టిన ఊళ్ళు, చెప్పినవారి పేరు, చెప్పిన తేదీతో సహా రాసిపెట్టుకోవాలి. హదీసు విద్యలో ఎవరి నుండి విన్నామో చెప్పనిదే మాట చెల్లదు, ఇక్కడా అదే నియమం. రిజిస్టర్లు పత్రభాండాగారంలో ఇంకొంతకాలం ఉంటాయి కనుక వాటిని తరువాత చూడవచ్చు.