డయాలసిస్ కుర్చీకి లాక్‌డౌన్ లేదు: ఖతార్, 2020

2020లో ప్రపంచమంతా ఒకటే మాట విన్నది: ఇంట్లోనే ఉండండి. ఆ మాట పాటిస్తే ప్రాణం పోయే మనుషులు కూడా ఉన్నారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ పక్కన కూర్చుంటే తప్ప బతకలేని డయాలసిస్ పేషెంట్లు వాళ్లు. ఈ వారం ఎపిసోడ్‌లో ఖతార్‌లో వాళ్ల లాక్‌డౌన్ ఎలా గడిచిందో మాట్లాడుకున్నాం కదా. మాట్లాడేటప్పుడు హడావుడిగా దాటేసిన సంగతులు కొన్ని ఇక్కడ నింపాదిగా చెప్పుకుందాం.

ముందు ఒక ప్రశ్న. కష్టాన్ని తట్టుకోవడం అంటే ఏంటి? మనవాళ్లు గుండె ధైర్యం అంటారు, నిబ్బరం అంటారు. అదేదో కొందరికి పుట్టుకతో వచ్చే గుణం అన్నట్టు మాట్లాడతారు. డయాలసిస్ చరిత్ర చదివితే మాత్రం, ఆ నిబ్బరం కింద ఎవరో ఒకరు పీట వేసి ఉంచారని తెలుస్తుంది. పీట లాగేస్తే ఎంత ధైర్యవంతుడైనా పడిపోతాడు. ఆ పీట ఎలా తయారైందో చూస్తే గానీ ఖతార్ సంగతి అర్థం కాదు.

యుద్ధంలో పుట్టిన మిషన్

1943. నెదర్లాండ్స్ అప్పటికి జర్మనీ ఆక్రమణలో ఉంది. కాంపెన్ అనే చిన్న ఊళ్లో విలెం కోల్ఫ్ అనే డాక్టరు, సాసేజీల పైపొరగా వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక డ్రమ్ముకి చుట్టి, ఆ డ్రమ్ముని ఉప్పునీళ్ల తొట్టిలో తిప్పాడు. గొట్టంలో రక్తం, బయట ఉప్పునీళ్లు. రక్తంలోని మలినాలు ఆ పల్చటి పొర దాటి నీళ్లలోకి వెళ్లిపోతాయి. ఇవాళ్టి మిషన్ పని చేసేదీ ఈ సూత్రం మీదే. మొదట్లో కోల్ఫ్ చికిత్స చేసినవాళ్లలో దాదాపు ఎవరూ బతకలేదు. 1945లో 67 ఏళ్ల ఒక ముసలావిడ బతికి బయటపడింది. అప్పుడు గానీ ఇది పనికొస్తుందని జనానికి నమ్మకం కలగలేదు.

అయితే కోల్ఫ్ మిషన్ కొన్నాళ్లు ఆదుకోవడానికే. ప్రతిసారీ కొత్తగా రక్తనాళాన్ని కోయాలి, కొన్నాళ్లకి కోయడానికి చోటే మిగలదు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టరు చేతికి శాశ్వతంగా ఉండిపోయే టెఫ్లాన్ గొట్టం అమర్చాడు. అలా అమర్చిన మొదటి మనిషి క్లైడ్ షీల్డ్స్, బోయింగ్ కంపెనీలో మెషినిస్టు. ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. కిడ్నీలు పూర్తిగా పోయిన మనిషి డయాలసిస్‌తో ఏళ్ల తరబడి బతకడం అదే మొదలు.

అక్కడే కొత్త చిక్కు వచ్చింది. మిషన్లు కొన్ని, రోగులు ఎందరో. 1962లో సియాటిల్ కేంద్రంలో ఎవరికి కుర్చీ ఇవ్వాలో తేల్చడానికి ఏడుగురితో ఒక కమిటీ వేశారు. ఆ ఏడుగురి పేర్లు బయటికి చెప్పేవారు కాదు. మనిషి సంపాదన ఎంత, పెళ్లయిందా, పిల్లలున్నారా, చర్చికి వెళ్తాడా, అసలు మన రాష్ట్రం వాడేనా అని చూసేవారు. ఆ ఏడాది నవంబర్‌లో 'లైఫ్' పత్రిక ఈ సంగతి రాశాక పెద్ద దుమారం రేగింది. పదేళ్లకి, 1972లో, డయాలసిస్ ఖర్చు ప్రభుత్వమే భరించేలా అమెరికాలో చట్టం వచ్చింది.

"మన రాష్ట్రం వాడేనా" అన్న ఆ ప్రశ్న గుర్తుపెట్టుకోండి. ఖతార్‌లో మళ్లీ అవసరం పడుతుంది.

పరాయి దేశంలో కుర్చీ

ఖతార్ జనాభా 2020 నాటికి సుమారు 28 లక్షలు. అందులో నూటికి 85 మందికి పైగా బయటి దేశాల వాళ్లే. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన మనవాళ్లూ వాళ్లలో ఉన్నారు. దోహాలో రుమైలా ఆస్పత్రి 1957లో, హమద్ జనరల్ ఆస్పత్రి 1982లో వచ్చాయి. ఇప్పుడు దేశంలో డయాలసిస్ చాలావరకు హమద్ మెడికల్ కార్పొరేషన్ చేతిలోనే ఉంది. పెద్ద కేంద్రం దోహాలోని ఫహద్ బిన్ జాసిమ్ కిడ్నీ సెంటర్. అల్ వక్రా, అల్ ఖోర్, దుఖాన్ వైపు కూడా యూనిట్లు ఉన్నాయి. అవయవ దానం విషయంలో ఖతార్ 2010 ప్రాంతంలో "దోహా డొనేషన్ అకార్డ్" అనే విధానం తెచ్చింది. దాని ప్రకారం కిడ్నీ కోసం ఎదురుచూసే జాబితాలో పౌరుడూ పనికొచ్చిన విదేశీయుడూ ఒకే వరసలో ఉంటారు. సియాటిల్ కమిటీ అడిగిన ప్రశ్నకి ఇది మంచి జవాబే.

కానీ జవాబులో సగమే. వరసలో ఉండాలంటే దేశంలో ఉండాలి. దేశంలో ఉండాలంటే ఇకామా ఉండాలి. ఇకామా ఉండాలంటే ఉద్యోగం ఉండాలి, లేదా ఉద్యోగం ఉన్న కొడుకో కూతురో ఉండాలి. డయాలసిస్ పేషెంటుకి రక్తం మిషన్‌తో ముడిపడి ఉంటుంది. గల్ఫ్‌లో ఉన్నవాడికి ఆ మిషన్ వీసాతో కూడా ముడిపడి ఉంటుంది.

ఆ మార్చి, ఆ మే

2020 ఫిబ్రవరి 29న ఖతార్‌లో మొదటి కేసు బయటపడింది. మార్చి 9న ఇండియాతో సహా పలు దేశాల నుంచి రాకపోకలు ఆపేశారు. మార్చి 11న ఒక్కరోజే 238 కేసులు ప్రకటించారు, అన్నీ వలస కార్మికులు ఉండే చోటు నుంచే. మార్చి 17న దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో 1 నుంచి 32 వరకు వీధులు మూసేశారు. మసీదులూ అదే రోజుల్లో మూతపడ్డాయి. ఇటు మార్చి 22 నుంచి ఇండియాకి అంతర్జాతీయ విమానాలు ఆగాయి. మార్చి 25న మన దేశంలో లాక్‌డౌన్ మొదలైంది. అదే రోజు ఉగాది. కొత్త ఏడాది పేరు శార్వరి, అంటే రాత్రి.

మే నెల ఇంకా గట్టిగా వచ్చింది. 17 నుంచి మాస్కు తప్పనిసరి. 19 నుంచి, అత్యవసరమైతే తప్ప, కారులో ఇద్దరికి మించి ఉండకూడదు. 22 నుంచి బయట అడుగుపెట్టాలంటే ఫోన్‌లో "ఎహ్తెరాజ్" యాప్ ఉండాలి, అందులో పచ్చ రంగు కనిపించాలి.

మామూలు మనిషికి ఇవి ఇబ్బందులు. వారానికి మూడుసార్లు బయల్దేరేవాడికి మాత్రం ప్రతి నిబంధన ఒక ప్రశ్నే. డ్రైవరూ నేనూ కలిస్తే ఇద్దరం, మరి తోడొచ్చే మనిషి? నా పాత ఫోన్‌లో ఆ యాప్ ఎక్కుతుందా? రంగు మారితే నన్ను లోపలికి రానిస్తారా? ఒక రోజు తప్పితే ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుంటాయి. పొటాషియం మితిమీరితే గుండె ఆగిపోవచ్చు. అందుకని "వచ్చే వారం చూద్దాం" అనే వీలు వాళ్లకి లేదు.

సరిగ్గా ఆస్పత్రే అందరికన్నా భయపడాల్సిన చోటు అయింది. షుగరు, బీపీ, తగ్గిన రోగనిరోధక శక్తి ఉన్న మనుషులు ఒకే హాల్లో నాలుగు గంటలు కూర్చోవాలి. ఖతార్ డాక్టర్లు ఆ జులై దాకా లెక్క చూసి ప్రచురించారు. దేశంలోని వెయ్యిమందికి పైగా డయాలసిస్ రోగుల్లో సుమారు 7 శాతం మందికి కోవిడ్ సోకింది. సోకినవారిలో సుమారు 15 శాతం మంది చనిపోయారు. ఆడవాళ్లతో పోలిస్తే మగవాళ్లకి సోకే అవకాశం దాదాపు రెట్టింపు ఉంది.

ఒత్తిడికి పాత పేర్లు

డయాలసిస్ మీద ఉన్నవాళ్లని ఏది ఎక్కువ బాధపెడుతుందో కనుక్కోవడానికి 1982లో అమెరికాలో నర్సింగ్ పరిశోధకులు ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందరికన్నా పైన వచ్చింది సూది నొప్పి కాదు, చావు భయం కూడా కాదు. నీళ్లు తాగకుండా ఉండటం! ఆ తర్వాత కండరాలు పట్టేయడం, నీరసం, రేపు ఏమవుతుందో తెలియకపోవడం. రెండేళ్లకి లాజరస్, ఫోక్‌మన్ అనే మనస్తత్వవేత్తలు తట్టుకునే తీరుల్ని రెండుగా విడదీసి చూపించారు. సమస్యని సరిచేసుకునే తీరు ఒకటి, మనసుని సర్దుకునే తీరు ఇంకొకటి.

ఈ రెండూ డయాలసిస్ పేషెంటుకి కరోనా రాకముందే అలవాటు. మూత్రం రాని మనిషి రోజుకి తాగదగింది చాలామందికి లీటరు లోపే. అందులోనే టీ, మజ్జిగ, చారు అన్నీ. దోహా మే ఎండలో, 40 డిగ్రీలు దాటాక, లీటరుతో నెట్టుకురావడం అంటే ఊహించండి. అదే మనిషి కోసం మిషన్ ఒక్కో పూటకి సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు వాడుతుంది. ఖతార్‌లో ఆ నీళ్లు చాలావరకు సముద్రం నుంచి ఉప్పు తీసి తెచ్చినవే. అందుకే చిన్న గ్లాసు వాడటం, నోరు పుక్కిలించి ఉమ్మేయడం, ఐసు ముక్క చప్పరించడం లాంటి ఉపాయాలు పుట్టాయి. కూరగాయలు ఉడికించి ఆ నీళ్లు వంపేయడం కూడా అలాంటిదే, పొటాషియం కొంత పోతుంది. ఇదంతా సమస్యని సరిచేసుకునే తీరు.

పండగొస్తే మనసు సర్దుకోవాలి. ఉగాది పచ్చడిలో పడే చింతపండు, మామిడి, బెల్లం, అరటిపండు అన్నీ పొటాషియం ఉన్నవే. ఏప్రిల్ చివర్లో రంజాన్ వచ్చింది. ఉపవాసం విప్పే ఖర్జూరమూ అంతే. ఏ మతం వాడైనా నాలుక మీద పెట్టుకుని ఊరుకోవాల్సిందే.

అంటే దూరం పాటించడం, లెక్కపెట్టుకుని బతకడం, ఎప్పుడు తేలుతుందో తెలియని దానికోసం కాచుకోవడం ఇవన్నీ మనకి 2020లో కొత్త, వాళ్లకి పాతవే. ఈ పాటి అనుభవం ఉన్నవాళ్లు బాగానే తట్టుకుని ఉంటారని అనిపిస్తుంది. కానీ లాక్‌డౌన్ సరిగ్గా వాళ్ల పీట కిందికే చెయ్యి పెట్టింది. పక్క కుర్చీలో కూర్చునే నేస్తంతో కబుర్లు, ఇంటికి వచ్చిపోయే బంధువు, గుడి, మసీదు, ఏడాదికోసారి ఊరెళ్లే టికెట్, ఊళ్లో కిడ్నీ ఇస్తానన్న అన్నో చెల్లో, అన్నీ ఒక్కసారే దూరమయ్యాయి. మార్పిడి ఆపరేషన్లు చాలా దేశాల్లో వాయిదా పడ్డాయి.

ఏర్పాటు ఉన్నచోట, లేనిచోట

ఇలాంటి గండాల్లో ఏర్పాటు తప్పితే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు న్యూ ఆర్లీన్స్ డయాలసిస్ రోగుల్లో నూటికి నలభై మందికి పైగా కనీసం ఒక పూట తప్పిపోయారు. 2020 లాక్‌డౌన్‌లో మన దేశంలో 19 పెద్ద ఆస్పత్రుల్లో చూస్తే సుమారు 28 శాతం మంది కనీసం ఒక పూట తప్పారు. వాళ్లకి ధైర్యం తక్కువై కాదు. బస్సు లేదు, పాస్ లేదు, అంతే. ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఉచితమైనా, ఉద్దానం పల్లె నుంచి కేంద్రం దాకా తీసుకెళ్లే బండి కావాలి కదా.

ఖతార్ చిన్న దేశం, కేంద్రాలు చాలావరకు ఒకే సంస్థ కింద ఉన్నాయి. అది అక్కడివాళ్లకి కలిసొచ్చింది. ఏప్రిల్‌లో మందులు ఖతార్ పోస్ట్ ద్వారా ఇంటికి పంపడం మొదలైంది. 16000 నంబరుకి ఫోన్ చేస్తే మానసిక సాయం కూడా దొరికేలా చేశారు. ఇవి మంచి పీటలే. అయితే మనసు విప్పడానికి భాష కావాలి. అరబ్బీ, ఇంగ్లీషు రాని పెద్దావిడకి, కొడుకు క్వారంటైన్‌లో ఉంటే, నంబరు చేతిలో ఉన్నా దానివల్ల వచ్చేది తక్కువే.

కాబట్టి గల్ఫ్‌లో మీవాళ్లెవరైనా డయాలసిస్ మీద ఉంటే "ధైర్యంగా ఉండు" అనడంతో ఆపొద్దు. నిన్ను తీసుకెళ్లే బండి ఏది, అది రాకపోతే రెండోది ఏది? ఇకామా ఎప్పటిదాకా ఉంది? నీ రిపోర్టులు ఇక్కడ మా దగ్గర ఒక కాపీ ఉన్నాయా? ఒక పూట తప్పితే ఏం తినకూడదో రాసిపెట్టుకున్నావా? తెలుగులో మాట్లాడే మనిషి అక్కడ ఎవరు? ఈ ఐదు ప్రశ్నలు అడగండి. జవాబు లేనిదేదైనా ఉంటే, దాన్ని ఇప్పుడే సర్దండి.